మార్చిలో ఎండిన గడ్డి నవంబరులోనే చచ్చింది

తిరుపతి చుట్టుపక్కల కాలేజీల్లో, కల్యాణ మండపాల్లో, రిసార్టుల్లో ఏటా మార్చి వచ్చిందంటే నాకు ఒకటే ఫోను: "సార్, ఎండ మొదులయింది, గడ్డంతా మాడిపోతా ఉండాది." ఆ తర్వాత జరిగే తతంగం కూడా ఏటా మారదు. మోటారు రెండు పూటలా తిరుగుతుంది. యూరియా బస్తా దిగుతుంది. ఉగాది దాటేసరికి పాత గడ్డి చెక్కి పారేసి కొత్త గడ్డి పలకలు పరుస్తారు. అవి ఆ ఏడాది పచ్చగానే ఉంటాయి. మళ్ళీ మార్చిలో నాకు ఫోను వస్తుంది.

నా వాదన ఒక్కటే. ఆ గడ్డిని చంపింది మార్చి ఎండ కాదు. దాని వేళ్ళు నవంబరు ముసురులోనే పోయాయి. డిసెంబరు, జనవరిలో చల్లగా ఉంటుంది కాబట్టి వేళ్ళు లేకపోయినా గడ్డి ఎలాగో నెట్టుకొచ్చింది. ఎండ వచ్చి నీళ్ళు ఎక్కువ కావాల్సి వచ్చిన రోజున బండారం బయటపడింది.

నేను చిత్తూరు వాణ్ణి. వ్యవసాయం చదివి, బెంగళూరులో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి చూసుకునే ఉద్యోగం చాలా ఏళ్ళు చేసి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. "డిగ్రీ చదివి బెంగుళూర్లో గడ్డి పీకతన్నాడు" అని మా మేనమామ పెళ్ళిళ్ళలో అందరికీ పరిచయం చేసేవాడు. నిజానికి పీకడం కంటే పీకకుండా కాపాడటమే ఎక్కువ చేశాను, కానీ ఆయనతో వాదించి గెలిచిన వాళ్ళు మా ఇంట్లో లేరు.

గోల్ఫ్ డబ్బున్న వాళ్ళ ఆట, మనకెందుకు అనేవాళ్ళకు ఒక మాట. ఆట నచ్చకపోతే వదిలేయండి. నీళ్ళకు కటకటలాడే మన సీమలో గోల్ఫ్ కోర్సు అంటే నాకూ అనుమానమే. కానీ గడ్డి ఎలా బతుకుతుంది, ఎలా చస్తుంది అన్నది అందరికంటే శ్రద్ధగా చూసింది గోల్ఫ్ వాళ్ళే. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే గడ్డి చదునును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్లకు కోస్తారు, రోజూ కోస్తారు, దాని మీద జనం నడుస్తారు. అంత ఒత్తిడిలో ఉన్న మొక్క వాతావరణంలో చిన్న తేడా వచ్చినా చెప్పేస్తుంది. మన లాన్ అదే సంగతిని నాలుగు నెలలు ఆలస్యంగా చెబుతుంది.

ముందు చలి దేశాల సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడి కథ వింటేనే మన కథ అర్థమవుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఒకడు ఇప్పుడు కెనడాలో, అంటారియోలో ఒక గోల్ఫ్ కోర్సులో పనిచేస్తున్నాడు. ఏప్రిల్ వస్తే వాడు పంపే ఫొటోలు చూడాలి. మంచు కరిగాక గ్రీన్ మీద అక్కడక్కడ ఎండుగడ్డి రంగులో, పల్లంగా ఉన్నచోట పెద్ద పెద్ద మచ్చలుగా చచ్చిన గడ్డి. మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు మా వాళ్ళందరూ అన్న మాట, "అంత చలికి చావక బతుకుతుందా?" అని.

బతుకుతుంది. అసలు విషయం అక్కడే ఉంది. అక్కడి గ్రీన్ల మీద ఎక్కువగా ఉండే బెంట్ గ్రాస్, శరదృతువులో పగళ్ళు పొట్టివవుతుంటే, రాత్రులు చల్లబడుతుంటే తనంతట తాను సిద్ధమవుతుంది. నేల దగ్గరుండే మొదలులో పిండిపదార్థం దాచుకుంటుంది, కణాల్లో నీళ్ళు తగ్గించుకుంటుంది. అలా అలవాటు పడ్డ గడ్డి సున్నాకు కింద ముప్పై డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. పైన మెత్తటి మంచు పేరుకుంటే ఇంకా మేలు. ఆ పొర నిండా గాలే కాబట్టి బయటి చలి లోపలికి దిగదు, ఎండుగాలి తగలదు. మంచు పడని చలికాలం అంటేనే అక్కడి వాళ్ళకు టెన్షన్.

మరి చంపేదేమిటి? వాతావరణం మాట మార్చడం. ఫిబ్రవరిలో రెండు మూడు రోజులు ఎండ కాసి మంచు కరుగుతుంది. వసంతం వచ్చిందనుకుని గడ్డి నీళ్ళు తాగేస్తుంది. నేల మట్టంలో ఉండే మొదలు, దాన్ని క్రౌన్ అంటారు, నీళ్ళతో ఉబ్బుతుంది. ఆ రాత్రే మళ్ళీ గడ్డకట్టే చలి. లోపలి నీళ్ళు మంచుగడ్డలై కణాలను చీల్చేస్తాయి. జనవరిలో ఎముకలు కొరికే చలికి నిలబడ్డ మొక్క, ఫిబ్రవరిలో దానికంటే చాలా తక్కువ చలికి పోతుంది. పోవా ఆన్యువా అనే గడ్డి అయితే మరీ తొందరపాటు మనిషి. ఇది గ్రీన్ల మీద అడక్కుండా మొలిచేదే, చాలా కోర్సుల్లో అదే ఎక్కువైపోయింది. కాస్త వెచ్చబడితే చాలు, అందరికంటే ముందు మేలుకుంటుంది, అందరికంటే ముందు పోతుంది.

రెండోది ఐసు. మెత్తటి మంచు వేరు, కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఐసు పలక వేరు. ఐసు కింద గాలి ఆడదు. గడ్డి నిద్రలో ఉన్నా కొద్దికొద్దిగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. నేలలోని సూక్ష్మజీవులూ తీస్తాయి. ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, విడిచిన గ్యాసులు బయటికి పోవు. పోవా ఆన్యువా ఇలా ఒకటిన్నర, రెండు నెలలు ఓర్చుకుంటుంది. బెంట్ గ్రాస్ మూడు నెలలు, ఇంకాస్త పైన. 2013 డిసెంబరు చివర్లో టొరంటో ప్రాంతంలో ఐసు తుపాను వచ్చింది. ఆ చలికాలమంతా ఐసు సరిగా కరగలేదు. 2014 వసంతంలో అంటారియోలోనూ, అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న రాష్ట్రాల్లోనూ ఎన్నో కోర్సులు గ్రీన్లు పోగొట్టుకున్నాయి. ఐసు పగలగొట్టినప్పుడు కింది నుంచి కుళ్ళు వాసన కొడితే ఆ గ్రీన్ మీద ఆశ వదులుకోవాల్సిందేనని మా కుర్రాడు చెబుతాడు.

ఆ వాసన నాకు తెలుసు. చంద్రగిరి దారిలో ఒక కాలేజీ లాన్ కింద అదే వాసన చూశాను.

మన దగ్గర ఐసు ఎక్కడిది? జనవరి రాత్రుల్లో తిరుపతిలో 17, 18 డిగ్రీలు, మదనపల్లె వైపు ఇంకొంచెం తక్కువ. మన లాన్లలో ఉండేది ఏదో ఒక రకం గరిక (బెర్ముడా అని నర్సరీల్లో అమ్మేది అదే), లేకపోతే కొరియన్ గ్రాస్ అని పిలిచే జోయ్సియా. ఇవి వేసవి గడ్డి జాతులు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతాయి. నేల 10 డిగ్రీలకు దిగితే గరిక పని ఆపేసి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఢిల్లీ వైపు అది మామూలే. తిరుపతిలో ఆ పరిస్థితి రాదు. అందుకే "మనకు చలికాలం సమస్యే లేదు" అంటారు. చలి లేదన్నది నిజం. చలికాలం ఉంది.

మన చలికాలం తలుపు తట్టేది ఈశాన్య రుతుపవనాలతో. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాదికి పడే 900 చిల్లర మిల్లీమీటర్ల వానలో ఐదింట రెండు వంతులు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడతాయి. నైరుతి వాన సాయంత్రం ఉరిమి, దంచి, వెళ్ళిపోతుంది. తెల్లారి ఎండ కాస్తుంది. ఈశాన్యం అలా కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుడుతుంది, ఒకటి రెండు రోజులు కుండపోత, ఆ తర్వాత ముసురు. ఉతికిన బట్ట ఆరదు, పప్పు డబ్బాలో పురుగు పడుతుంది, సూర్యుడు ఎక్కడున్నాడో తెలియదు. ఒకటి తేలికపడేసరికి ఇంకో అల్పపీడనం.

జనం కుండపోతనే గుర్తుపెట్టుకుంటారు. 2021 నవంబరు 18, 19 తేదీలు తిరుపతిలో ఎవరూ మరచిపోలేదు. చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండానికి అలిపిరి మెట్ల మీదుగా వరద దూకింది, కపిలతీర్థంలో మండపం దెబ్బతింది, ఘాట్ రోడ్లు మూసేశారు, తర్వాత రాయలచెరువు కట్ట భయంతో ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ వరద మనుషులకు చేసిన చేటు పెద్దది. గడ్డి లెక్కలో మాత్రం వరద కంటే ముసురే ప్రమాదం. వరద నీళ్ళు వాలు ఉన్నచోట దిగిపోతాయి. ముసురు నేలను ఆరనివ్వదు.

నేలలో మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి. వాటిలో కొంత గాలి, కొంత నీరు ఉండాలి. అన్నీ నీటితోనే నిండితే వేళ్ళకు ఆక్సిజన్ అందే దారి మూసుకుపోతుంది, ఎందుకంటే గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. టొరంటోలో ఐసు చేసే పనే ఇక్కడ నీరు చేస్తుంది. కాకపోతే మన పరిస్థితి అక్కడి కంటే హీనం. అక్కడ గడ్డి నిద్రపోతోంది, ఊపిరి అవసరం తక్కువ, కాబట్టి నెలల తరబడి ఓర్చుకుంటుంది. ఇక్కడ నేల 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఊపిరి వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పైగా నీరు వెచ్చబడే కొద్దీ దానిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరుకు పద్నాలుగు మిల్లీగ్రాములు పైన ఉండేది 25 డిగ్రీల దగ్గర ఎనిమిదికి పడిపోతుంది. ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. మన వెచ్చటి చలికాలం వేళ్ళకు మేలు చేస్తుందని అనుకోవడం శుద్ధ పొరపాటు.

దీనికి వెలుతురు తోడు. గరికకు ఎండంటే ప్రాణం. మిట్టమధ్యాహ్నపు నిండు ఎండను కూడా పూర్తిగా వాడుకోగలిగే జాతి అది. వేళ్ళు మళ్ళీ వేయాలంటే ఆకు చక్కెర తయారు చేయాలి, దానికి ఎండ కావాలి. మబ్బు పట్టిన రెండు వారాల్లో ఆ సంపాదన లేదు. వేళ్ళు చస్తున్న రోజుల్లోనే కొత్త వేళ్ళు వేసే శక్తి కూడా లేదన్నమాట.

ఈ వెలుతురు లెక్కలో మనవాళ్ళు అసలు పట్టించుకోనిది ఒకటుంది. తిరుపతిలో డిసెంబరు 21న పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఎండాకాలపు పగటి కంటే గంటన్నర తక్కువ. అది పెద్ద విషయం కాదు. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులోనే ఆగుతాడు. అది పెద్ద విషయం. పది మీటర్ల ఎత్తున్న మూడంతస్తుల భవనం నీడ ఉత్తరం వైపు ఏడున్నర మీటర్లు పరుచుకుంటుంది, అదీ మధ్యాహ్నం పూట, ఉదయం సాయంత్రం ఇంకా పొడుగు. జూన్‌లో అయితే సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు కాబట్టి అదే చోట ఎండ ఫెళ్ళున కాస్తుంది. లాన్ వేయించేది ఎక్కువగా ఏప్రిల్, మే, జూన్‌లలో. "ఇక్కడ ఎండ బాగా పడతాది" అని చూసి వేస్తారు. నవంబరుకు ఆ చోటు నీడలో పడుతుంది. మీ కాలేజీలోనో ఆఫీసులోనో భవనానికి ఉత్తరం వైపు పట్టీ మిగతా లాన్ కంటే ముందు పలచబడిందేమో చూడండి. గోల్ఫ్ కోర్సుల్లో గ్రీన్‌కు తూర్పున, దక్షిణాన ఉన్న చెట్ల కొమ్మలు కొట్టించడానికి గడ్డి బాధ్యత చూసే సూపరింటెండెంట్లు క్లబ్బు పెద్దలతో యుద్ధాలు చేసేది ఇందుకే.

ఇప్పుడు ఆ చంద్రగిరి దారిలో కాలేజీ సంగతి. మార్చి మూడో వారం. తోటమాలి, అరవై దాటిన పెద్దాయన, నన్ను చూడగానే సంజాయిషీ మొదలుపెట్టాడు. "నేను దినామూ నీళ్ళు కడతానే ఉండాను సామీ. పొద్దన, మాపట్లా. అయినా నిలబళ్ళా."

"నీ తప్పు కాదులే పెద్దాయనా, కత్తి ఉందా?" అన్నాను.

కొబ్బరిబోండాలు కొట్టే కత్తి తెచ్చాడు. ఎండిన మచ్చ అంచున జానెడు లోతు ముక్క కోసి పైకి తీశాం. పైన రెండంగుళాలు జిగట నల్లమట్టి, అది గడ్డి పలకలతో పాటు నర్సరీ నుంచి వచ్చింది. దాని కింద మూడంగుళాల ఎర్రమట్టి. దాని కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, ఒక టైల్ ముక్క. నల్లమట్టికీ ఎర్రమట్టికీ మధ్య వేలు మందాన నల్లటి చార. ఆ చార దగ్గర ముక్కు పెడితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి అందని చోట బ్యాక్టీరియా తయారుచేసే గ్యాసు అది. నేలలోని ఇనుముతో కలిసి ఆ నలుపు వస్తుంది. వేళ్ళు పైనున్న నల్లమట్టి దాటి ఒక్కటి కూడా కిందికి పోలేదు. ఉన్నవీ గోధుమ రంగు. ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే పైతోలు ఊడి వచ్చి లోపల సన్నటి దారం మిగిలింది. బతికున్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. నాలుగడుగుల అవతల, వాలు మీద, మచ్చ లేని చోట ఇంకో ముక్క కోశాం. అక్కడ వేళ్ళు ఎర్రమట్టిలోకి బాగా దిగి ఉన్నాయి. అదే ఎండ, అదే పైపు, అదే పెద్దాయన.

ఆయన రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, "అయితే నేను కట్టిన నీళ్ళు దీనికి తాగే నోరే లేదన్నమాట" అన్నాడు. నేను పవర్‌పాయింట్ పెట్టి చెప్పినా ఇంత బాగా చెప్పలేను.

ఆ ముక్కలో కనపడిందంతా మన దగ్గర లాన్ వేసే పద్ధతే. భవనం పూర్తవుతుంది, మిగిలిన చెత్తను సదును చేసి, ట్రాక్టరు ఎర్రమట్టి తోలి, పైన గడ్డి పలకలు పరిచేస్తారు. గడ్డి పెరిగిన మట్టి ఒక రకం, కింద మట్టి ఇంకో రకం. రెండు రకాల మట్టి కలిసే గీత దగ్గర నీరు ఆగిపోతుంది, పైపొర పూర్తిగా తడిసి ముద్దయితే తప్ప కిందికి దిగదు. అమెరికా గోల్ఫ్ సంఘం గ్రీన్ కట్టే పద్ధతిని 1960లో ప్రచురించింది: కింద డ్రైనేజీ గొట్టాలు, వాటి మీద పది సెంటీమీటర్ల కంకర, ఆపైన ముప్పై సెంటీమీటర్ల ఎంచిన ఇసుక. ఆ ఖర్చు కాలేజీ లాన్‌కు అక్కర్లేదు. కానీ ఆ ఆలోచనలో, అంటే గడ్డి కంటే ముందు నీళ్ళ దారి చూడటంలో, ఖర్చేమీ లేదు. ఇసుక కలపమంటే ఈ మధ్య రోబో ఇసుక తోలుతున్నారు. దానిలోని రాతిపొడి తడిసి ఆరితే గచ్చులా బిగుసుకుంటుంది. స్వర్ణముఖి ఇసుక ధర చూసి అలా చేస్తున్నారని తెలుసు. అయినా వద్దు. రోబో ఇసుక కంటే ఏమీ వేయకపోవడం నయం.

కల్యాణ మండపాల గడ్డికి ఇంకో గండం. కార్తీకంలో ముహూర్తాలు. వాన వెలిసిందని సాయంత్రం లాన్ మీద రిసెప్షన్ పెడతారు, వెయ్యిమంది తడినేల మీద తిరుగుతారు, ముందురోజే షామియానా వేసి మర్నాడు సాయంత్రం దాకా తీయరు. పొడినేల మీద వెయ్యిమంది నడిస్తే ఆకు నలుగుతుంది, వారంలో లేస్తుంది. తడినేల మీద నడిస్తే మట్టిలోని ఖాళీలు నలుగుతాయి, అవి లేవవు. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు లేకపోవడం గడ్డికి దేవుడిచ్చిన సెలవు.

డిసెంబరు, జనవరుల్లో ఇదంతా ఎందుకు కనపడదు అంటారేమో. కొంత చలువ వల్ల. మే నెలలో తాగే నీళ్ళలో సగం చాలు అప్పుడు. అంగుళం వేరు కూడా అంతపాటి నీళ్ళు అందిస్తుంది. కొంత మన కంటి వల్ల. దూరం నుంచి పచ్చగా కనపడేదంతా గడ్డి కాదు. వంగి చూస్తే సగం తుంగ ఉంటుంది, తడికి దానికి పండగ. మిగిలిన ఖాళీల్లో పాచి పడుతుంది. జనవరి ఎండకు ఆ పాచి ఆరి పెచ్చు కట్టి, తర్వాత పెట్టే నీటిని కూడా లోపలికి పోనివ్వదు.

సంక్రాంతి రోజుల్లో ఇంకో వాతావరణం. వాన ఆగిపోతుంది, ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి చల్లబడి తెల్లవారుజామున మంచు కురుస్తుంది. ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఆకు తడిగానే ఉంటుంది. అలా గంటల తరబడి తడిసిన ఆకు మీద డాలర్ స్పాట్ అనే తెగులు వస్తుంది, ముఖ్యంగా వేళ్ళు లేక తిండి చాలని గడ్డి మీద. రూపాయి బిళ్ళంత ఎండుగడ్డి రంగు మచ్చలు. ఎండ ఎక్కకముందు వెళ్ళి చూస్తే మచ్చ మీద మంచు బొట్లతో పాటు తెల్లటి సన్నని దారాలు కనిపిస్తాయి. తొమ్మిదిన్నరకు పోతే ఏమీ ఉండవు. గోల్ఫ్ కోర్సుల్లో తెల్లారకముందే పొడుగాటి వెదురు బెత్తంతో గ్రీన్ మీద అటూ ఇటూ ఊడ్చినట్టు తిప్పి ఆ మంచును దులుపుతారు. కొత్తగా చేరినవాడికి ఆ బెత్తం ఇస్తే, ఇదేం పని అన్నట్టు చూస్తాడు. మందు కొట్టే అవసరం తగ్గేది ఆ బెత్తం వల్లే. మన లాన్లలో జరిగేది దీనికి తలకిందులు. సాయంత్రం ఆరింటికి స్ప్రింక్లర్ ఆన్ చేసి, రాత్రంతా ఆకును తడిపి ఉంచుతారు. చలికాలంలో నీళ్ళు పెట్టాల్సి వస్తే తెల్లవారుజామున పెట్టండి, ఎలాగూ తడిగా ఉండే సమయం అదే.

ఇక యూట్యూబ్. చలికాలానికి వింటరైజర్ ఎరువు వేయండి, రై గ్రాస్ విత్తనం చల్లండి అని వీడియోలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గరిక చలికి పసుపు రంగుకు తిరిగి నిద్రపోతుంది. అక్కడ శరదృతువులో దాని మీద రై గ్రాస్ చల్లి పచ్చదనం తెచ్చుకుంటారు. ఏప్రిల్‌లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ జరిగే అగస్టాలో టీవీలో కనిపించే ఆ మెరిసే పచ్చదనంలో చాలాభాగం రై గ్రాస్‌దే. తర్వాత ఎండలు ముదిరేటప్పుడు రై గ్రాస్ పోవాలి, గరిక లేవాలి. ఆ మార్పిడి అక్కడి వాళ్ళకే పెద్ద తలనొప్పి. నిద్రేపోని మన గరిక మీద అది చల్లడం ఉన్న కాస్త వెలుతురుకు ఇంకో పోటీదారుణ్ణి తెచ్చిపెట్టడమే. నవంబరులో ముసురు మధ్య పసుపు తిరిగిన గడ్డికి యూరియా చల్లడం కూడా అంతే, నూటరెండు జ్వరంతో ఉన్నవాడికి పెళ్ళి భోజనం వడ్డించినట్టు. వేరు తీసుకోదు. నీళ్ళు నిలిచిన నేలలో నత్రజని కొంత గ్యాసై గాల్లో కలుస్తుంది, కొంత కాలువలో పోతుంది.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న, "పొలం గట్టు మీద గరిక ఏ ముసురుకూ చావదే, లాన్‌లో గరికే ఎందుకు చస్తుంది?" మంచి ప్రశ్న. కాణిపాకంలో వినాయకుడికి వేసే గరికను ఎవరూ నీళ్ళు పెట్టి పెంచరు. గట్టు మీద గరిక జానెడు ఎత్తు పెరుగుతుంది, కింద కొమ్ములు, వేళ్ళు లోతుగా ఉంటాయి, గట్టు అంటేనే నీరు నిలవని చోటు. లాన్‌లో దాన్ని అంగుళానికి కోస్తాం, చదును నేలలో పెడతాం. ఎంత పొట్టిగా కోస్తే వేరు అంత పైపైనే ఉంటుంది. అందుకే గోల్ఫ్ కోర్సుల్లో పగళ్ళు తగ్గుతున్నప్పుడు కోత ఎత్తు కొంచెం పెంచుతారు. ఆటగాళ్ళు బంతి నెమ్మదించిందని గొణుగుతారు. గొణగనీ. మన దగ్గర దసరా సెలవుల ముందు "నీట్‌గా ఉంటుంది" అని నున్నగా గీయించి పోతారు, తిరిగొచ్చేసరికి ముసురు పట్టి ఉంటుంది.

ముందే తెలుసుకునే వీలుందా? ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కిన ఏడాది, ఈశాన్య వానలు ఎక్కువ పడే మొగ్గు ఉంటుంది. చెన్నై మునిగిన 2015, డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చిన 2023, రెండూ ఎల్ నినో ఏళ్ళే. కానీ మన తిరుపతిని ముంచిన 2021 దానికి తలకిందులైన లా నినా ఏడాది. కాబట్టి పేపర్లో ఆ మాట చూసి ఊపిరి పీల్చుకోవద్దు. ప్రతి నవంబరూ తడి నవంబరే అనుకుని సిద్ధం కావడమే చవక.

సిద్ధం కావడమంటే, పని సెప్టెంబరులో. గడ్డి జోరుగా పెరుగుతున్నప్పుడే పళ్ళపారతోనో మిషన్‌తోనో నేలకు జానెడు లోతు బెజ్జాలు చేసి, కడిగిన ముతక ఇసుకతో నింపాలి. ముసురు మొదలయ్యాక ఆ పని చేస్తే మేలు కంటే కీడెక్కువ. పల్లాల్లో అడుగు వెడల్పు కాలువ తవ్వి కంకర నింపి, వాన నీళ్ళు ఎక్కడికి పోవాలో అక్కడికి దారి చూపాలి. అక్టోబరు నుంచి కోత అరంగుళం ఎత్తు పెంచాలి. ముసురులో లాన్‌కు తాడు కట్టి ఎవరినీ నడవనివ్వకూడదు, పిల్లల క్రికెట్‌తో సహా. భవనాలకు ఉత్తరం పట్టీలో గరిక బదులు కొరియన్ గ్రాస్ వేస్తే నీడకు కాస్త ఓర్చుకుంటుంది, మరీ చీకటి చోట గడ్డి మానేసి గులకరాళ్ళు పోయడం ఉత్తమం.

డిసెంబరు చివర్లో అనుమానమున్న చోట అరచేయంత ముక్క కోసి కుండీలో పెట్టి, ఎండ బాగా తగిలే మేడ మీద ఉంచండి. చలి దేశాల్లో జనవరిలో గడ్డకట్టిన గ్రీన్ నుంచి ముక్క తీసి ఇంట్లో కిటికీ దగ్గర పెట్టి చూస్తారు, రెండు వారాల్లో చిగురు వస్తే బతికినట్టు. మనకు చిగురు చాలదు, వేరు చూడాలి. రెండు మూడు వారాల తర్వాత కుండీ బోర్లించి తెల్లవేళ్ళు వచ్చాయో లేదో చూసుకోండి. రాకపోతే మార్చి దాకా ఆగకుండా సంక్రాంతి పోగానే ఆ చోట బాగుచేయవచ్చు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు. ఆలోపు కొత్త వేరు పట్టిన గడ్డికి ఎండాకాలం భయం ఉండదు. మార్చిలో పోయే ప్రతి గడ్డీ ముసురు వల్లే పోదు. వేరుపురుగు ఉంటుంది, చెదలుంటాయి, ఏప్రిల్, మేలలో బోరు ఎండిపోయి నిజంగానే నీళ్ళు లేక చచ్చేదీ ఉంటుంది. కత్తితో ముక్క కోసి చూడమనేది అందుకే.

ఇంత తెలిసినా సెప్టెంబరులో ఎవరూ ఎందుకు చేయరంటే, డబ్బు మార్చిలో ఉంటుంది కాబట్టి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు మిగిలిన బడ్జెట్ ఖర్చు చేయాలి, కళ్ళెదుట గడ్డి ఎండి ఉంది, కొత్త గడ్డికి బిల్లు పెట్టడం తేలిక. ఒక సంస్థలో పరిపాలన చూసే ఆయనకు పోయిన ఆగస్టులో ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విని, "సెప్టెంబరులో గడ్డి బ్రహ్మాండంగా ఉంటుంది కదా సార్. బాగున్న గడ్డికి రిపేరు అని ఫైల్లో ఎట్లా రాసేది? ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు.

"గడ్డి మాటే ఎత్తొద్దు. వాన నీటి కాలువ అని రాయండి" అన్నాను.

అలా రాస్తే అది తోట ఖాతా కిందికి రాదట, సివిల్ పనుల కిందికి వస్తుందట, దానికి వేరే సంతకం కావాలట. రాయించాం. కంకర వచ్చింది, కాలువ తవ్వారు, పల్లంగా ఉన్న మూలకు మాత్రం డబ్బు సరిపోలేదు. ఈ మార్చిలో కత్తి పట్టుకుని ముందు ఆ మూలకే పోతాను.